తీగలు కడిగే పని

గ్రిమ్స్‌బీలో గాలికే ఉప్పు.
ల్యాబు కిటికీలు సోమవారం తుడిస్తే
గురువారానికి తెల్లగా పొర కట్టేస్తాయి.

పాఠం చెప్పడం నా పని కాదు,
అది హాల్డెన్‌బీ మాస్టారిది.
నేను ముందురోజు సాయంత్రం
పన్నెండు తీగలు యాసిడ్‌లో ముంచి, మంటలో పెట్టి,
మళ్ళీ ముంచి, మళ్ళీ పెట్టి,
మంట రంగు మారకుండా ఉండేదాకా కడుగుతాను.
శుభ్రమంటే అంతే ఇక్కడ:
నిప్పులో పెట్టినా
తన గురించి ఒక్క ముక్క మాట్లాడకపోవడం.

ఇంత చేశాక పొరపాటున వేలు తగిలిందా,
భగ్గున పసుపు.
నా చెమటే అది.
పొద్దున నంజుకున్న ఊరమిరపకాయో
మూడో నంబరు బస్సు వెనక పెట్టిన పరుగో
వెంట్రుకంత తీగ మీదెక్కి కూర్చుని
నాకంటే ముందే మంటకి నా సంగతులు చెప్పేస్తుంది.

పదో తరగతి. సేఫ్టీ కళ్ళజోళ్ళు నుదుటి మీదికి తోసేవాళ్ళు సగం,
మూత తీసి వాసన చూసేవాడు ఒకడు.
లిథియం కుంకుమలా మండింది.
బేరియం లేత అరిటాకు, కాల్షియం కొత్త ఇటుక.
పొటాషియం వంగపూవు రంగు,
వచ్చిందో లేదో అన్నట్టు వచ్చి పోయింది.
"అన్నిటికీ ఒకటే గ్యాసు కదా, మరి ఎందుకిలా?"
అడిగింది టామ్సిన్.
సెప్టెంబరు నుంచి నోరు విప్పని పిల్ల.

మాస్టారు బోర్డు మీద మెట్లు గీశాడు.
వేడి ఎవర్నైనా ఒకేలా తరుముతుంది,
లోపలున్న రేణువుని పై మెట్టుకి.
అక్కడ అది నిలవలేదు. దిగాలి.
దిగేటప్పుడు తీసుకున్నదంతా
వెలుగుగా తిరిగిచ్చేయాలి.
ఒక్కో ఇంటి మెట్లు ఒక్కో ఎత్తు.
చిన్న గెంతు ఎరుపు వైపు, పెద్ద గెంతు నీలం వైపు.
అంటే రంగు నిప్పుది కాదు,
ఎక్కడి నుంచి ఎక్కడికి దూకిందో ఆ ఎత్తుది.

సింకు దగ్గర నేనూ వింటాను.
పంతొమ్మిదేళ్ళుగా అదే బొమ్మ,
మూడో మెట్టు ఎప్పుడూ వంకరే.

టామ్సిన్ జేబులోంచి ఒక మేకు తీసింది.
తాతయ్య పడవ విరగ్గొట్టినప్పుడు ఏరుకుందట.
చదరపు తల, రాగిది.
చింతపండుతో ఎంత తోమినా
బిందె మెడ దగ్గర మిగిలిపోతుందే,
ఆ చిలుము దాని నిండా.
రూల్సు ఒప్పుకోవు.
మాస్టారు నా వైపు చూశాడు.
నేను పటకారు అందించాను.

పచ్చ లేచింది, అంచున నీలం,
చూసేలోపు పసుపొచ్చి మింగేసింది.
నలభై ఏళ్ళ ఉత్తర సముద్రం ఉంది మరి దాని మీద.
డాక్ రోడ్డులో పాత దీపాలు
అచ్చం ఇదే పసుపుతో వెలిగేవి,
తెల్లవారకముందే చేపల వేలానికి వెళ్ళేవాళ్ళ ముఖాల మీద.
పోయినేడు వాటినీ పీకి తెల్లవి పెట్టారు.

"ఇలా ఇవ్వు, ఉప్పు వదిలేలా కడుగుతాను,
అప్పుడు రాగి రంగు బాగా కనిపిస్తుంది" అన్నాను.
ఆ పిల్ల పటకారు వదల్లేదు.
"ఉప్పు కూడా తాతయ్యదే కదా మిస్."

నాకు జవాబు తోచలేదు.
బెల్లు కొట్టారు, కుర్చీలు కీచుమన్నాయి.
మేకు చల్లారేదాకా ఊదుకుంటూ నిలబడి
రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం పన్నెండు తీగలూ కడిగాను.
నోరు మెదపని పన్నెండు తీగలు.
ఆఖరిదాన్ని బొటనవేలితో రుద్ది
మంటలో పెట్టి
చూస్తూ కూర్చున్నాను కాసేపు.
గ్యాసు బిల్లు ఎలాగూ స్కూలుదే.